ఆప్టోమెట్రీ అంటున్న మా హారికకు

చి. హారికకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఆప్టోమెట్రీ, అంటే కళ్లు పరీక్షించి సైటుకు అద్దాలు రాసే చదువు, దాని కాలేజీలవి నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు బ్రోచర్లూ చూశాను. మూడింటి అట్ట మీదా తెల్లకోటు వేసుకున్న అమ్మాయి స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చేసి చూపే మిషన్) పక్కన నిలబడి నవ్వుతోంది. ఆ స్లిట్ ల్యాంప్ కాలేజీదో, ఫొటో కోసం ఎక్కడి నుంచో తెచ్చిందో బ్రోచర్ చెప్పదు. అది మనం వెళ్లి తెలుసుకోవాలి.

కాలేజీ సంగతి తర్వాత. నీట్‌లో ర్యాంకు రాలేదు కాబట్టి ఏదో ఒకటిలే అనుకుంటున్నావా, నిజంగానే ఈ పని మీద మనసుందా? మన దేశంలో నాలాంటి ఆప్టోమెట్రిస్టు డాక్టరు కాదు. ఆపరేషన్లు చేయడం మన పని కాదు, పేరు ముందు ఆ రెండక్షరాలూ రావు. అమెరికాలో ఓ.డి. (డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ) చదివినవాళ్లను డాక్టరనే పిలుస్తారు కానీ అక్కడి చట్టాలు వేరు. మీ నాన్న అప్పుడే చుట్టాలందరికీ "మా అమ్మాయి కళ్ల డాక్టరు చదవబోతోంది" అని చెప్పేశారట. ఆ మాట ఇప్పుడే సరిదిద్దుకోండి, లేకపోతే నాలుగేళ్ల తర్వాత నువ్వే ఇబ్బంది పడతావు. డాక్టరే కావాలని గట్టిగా ఉంటే ఇంకో ఏడాది నీట్‌కి కూర్చో, నేనేమీ అనను. కోరిక అక్కడ పెట్టుకుని ఇక్కడ చేరినవాళ్లు ఓపీలో ముఖం వేలాడేసుకుని కూర్చోవడం చాలామందిలో చూశాను.

సరే, ఇదే కావాలన్నావనుకుందాం. డిగ్రీ పేర్లు చూసి కంగారు పడకు. బీ.ఆప్టమ్ అన్నా, బీఎస్సీ ఆప్టోమెట్రీ అన్నా నువ్వు చూడాల్సింది లోపల ఏముందన్నదే. ఏడాది ఇంటర్న్‌షిప్ ఉందా? మొత్తం ఎన్ని గంటల చదువు? 2021లో కేంద్రం తెచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం ప్రకారం హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే డిగ్రీలో కనీసం 3600 గంటలు ఉండాలి. రెండేళ్ల డిప్లొమాతో ఆ హోదా రాదు. కౌన్సెలింగ్‌లో కూర్చున్నవాళ్లు "అన్నీ ఒకటేనమ్మా" అంటారు. ఒకటి కాదు.

ఇక అసలు విషయం. మొన్నామధ్య ఆరేళ్ల పిల్లాణ్ణి తీసుకొచ్చారు. ఎక్కడో కళ్లద్దాల షాపులో కంప్యూటర్ మిషన్ మీద చూసి మైనస్ ఒకటి రాసిచ్చారట. అద్దాలు పెట్టుకుంటే తలనొప్పి అంటున్నాడు. చుక్కల మందు వేయించి, కంటి లోపలి కండరం పట్టు వదిలాక రెటినోస్కోప్ (కంట్లోకి వెలుగు వేసి సైటు కొలిచే చేతి పరికరం) పెడితే ప్లస్ మూడు తేలింది. పిల్లలు ఆ మిషన్‌లోని బొమ్మను చూస్తూ కంటిని బిగబట్టేస్తారు. ఉన్న ప్లస్ దాక్కుంటుంది, లేని మైనస్ కాగితం మీద అచ్చవుతుంది. చార్టు చదవలేని పిల్లాడు, మాట రాని ముసలాయన, వీళ్ల సైటు చెప్పేది నీ చేతిలోని ఆ చిన్న లైటే. చీకటి గదిలో వెలుగు గీతను కంటి మీద అటూ ఇటూ ఆడిస్తావు. కనుపాపలో మెరుపు దాంతోపాటే కదులుతోందా, ఎదురు కదులుతోందా చూస్తావు. ఆ కదలిక ఆగేదాకా అద్దాలు మారుస్తావు. 67 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే వచ్చిన పవర్‌లోంచి 1.50 తీసేయాలి. ఈ లెక్క ఒక్క గంటలో వచ్చేస్తుంది. చేయి తిరగడానికి మాత్రం వందల కళ్లు చూడాలి.

అందుకే బిల్డింగు చూడకు, ఏసీ లైబ్రరీ చూడకు. వాళ్లు చెప్పే ఆసుపత్రి ఓపీకి ఒక సోమవారం పొద్దున్నే చెప్పాపెట్టకుండా వెళ్లు. రెండో ఏడాది పిల్లల చేతిలో రెటినోస్కోప్ ఉందా, రిజిస్టర్ ఉందా? రిజిస్టరే ఉంటే ఇంటికి వచ్చేయ్. కొన్నిచోట్ల ఆసుపత్రితో ఒప్పందం కాగితం మీదే ఉంటుంది, పిల్లల్ని వారానికోసారి బస్సులో తీసుకెళ్లి చూపించి తీసుకొస్తారు.

హైదరాబాద్‌లో ఉండటం నీ అదృష్టం. ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రి వాళ్ల ఆప్టోమెట్రీ స్కూలు ఉంది. హెచ్‌సీయూలో (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఇంటిగ్రేటెడ్ ఎం.ఆప్టమ్ (డిగ్రీ, పీజీ కలిసిన కోర్సు) ఉంది, దాని ప్రవేశ పరీక్ష సీయూఈటీ నోటిఫికేషన్ మీద ఓ కన్నేసి ఉంచు. వీటిలో సీటొస్తే మారు ఆలోచన వద్దు. సీట్లు తక్కువ కాబట్టి రాకపోవచ్చు కూడా. ఊరు దాటినా పర్వాలేదంటే చెన్నైలో శంకర నేత్రాలయ 1985లో మొదలుపెట్టిన ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీకీ దరఖాస్తు పెట్టు. శివార్లలోని ప్రైవేటు యూనివర్సిటీలన్నీ పనికిరావని అనను, కానీ అక్కడ ఓపీకి వెళ్లి చూసి రావడం తప్పనిసరి.

ఉద్యోగం దొరుకుతుందా అని మీ అమ్మ బెంగ. దొరుకుతుంది. మొదట్లో జీతం మాత్రం సాఫ్ట్‌వేర్‌లో చేరిన మీ అన్నయ్యతో పోల్చకండి. అద్దాల షోరూముల్లో ఆసుపత్రి కంటే కాస్త ఎక్కువిస్తామంటారు, ఆదివారాలు మాత్రం మర్చిపోవాలి, అమ్మకాల టార్గెట్లు కూడా ఉండొచ్చు. నా మాట వింటే మొదటి రెండేళ్లు ఆసుపత్రిలోనే ఉండు. కెరటోకోనస్ (నల్లగుడ్డు ముందు పొర పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు) వాళ్లకు స్క్లీరల్ లెన్సులు (తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద కాంటాక్ట్ లెన్సులు) అమర్చడం, లో విజన్ (అద్దాలతోనూ సరిగా కనబడనివాళ్లకు సాయం), పిల్లల మయోపియా (దూరంవి కనబడని మైనస్ సైటు), వీటిలో ఒకటి పట్టుకున్నవాళ్లకే ఆ తర్వాత బేరమాడే బలం వస్తుంది. 2050 నాటికి ప్రపంచంలో సగం మందికి మయోపియా వస్తుందని ఆస్ట్రేలియా ఆప్టోమెట్రీ శాస్త్రవేత్త బ్రయన్ హోల్డెన్ బృందం 2016లోనే అంచనా వేసింది. మన అపార్టుమెంట్లో పిల్లల్ని చూస్తే నాకది ఎక్కువగా అనిపించదు. ప్రభుత్వంలో పోస్టులు తక్కువ. కంటి వెలుగు లాంటివి వచ్చినప్పుడు చాలామందిని తీసుకున్నారు గానీ అవి కాంట్రాక్టు పనులు, వాటిని నమ్ముకుని కూర్చోలేం.

విదేశాల ముచ్చట ఇప్పుడు వద్దు. గల్ఫ్ వెళ్లాలంటే లైసెన్స్ పరీక్ష రాయాలి, అనుభవం సర్టిఫికెట్లు చూపాలి. అమెరికా అయితే మళ్లీ అక్కడి కాలేజీలో ఓ.డి. చదవాల్సిందే, దానికి అయ్యే ఖర్చుకి మీ నాన్న నల్లగొండ పొలం అమ్మాలి.

ఫీజు కట్టేముందు నాకొక ఫోన్ చెయ్యి. డొనేషన్ అని ఎవరైనా అడిగితే మీ నాన్న మొహమాటానికి ఊఁ అనేస్తారు, ఆయనతో నేను మాట్లాడతాను.

మీ పెద్దమ్మ