టీకా వేసిన చోట గడ్డ: కోయాలా, వదిలేయాలా?

ప్రశ్న: రెండు నెలల కిందట మా ఆవుకు గాలికుంటు టీకా వేయించాం. మెడ మీద నిమ్మకాయంత గట్టి గడ్డ మిగిలిపోయింది. నొప్పి లేదు, మేత, పాలు తగ్గలేదు. కోయించమంటారా?

జవాబు: వద్దు. మీరు చెప్పిన లక్షణాలు చీముగడ్డవి కావు, గ్రాన్యులోమావి, అంటే అరగని పదార్థం చుట్టూ రోగనిరోధక కణాలు మూగి కట్టే గట్టి ముడివి. గాలికుంటు టీకాల్లో చాలావాటికి ఖనిజ నూనె కలుపుతారు. మందు త్వరగా చెదిరిపోకుండా అక్కడే నిలిచి రోగనిరోధక కణాలను ఎక్కువకాలం కదిలించాలని ఈ ఏర్పాటు. గడ్డకు మూలమూ ఆ నూనే.

సూది దిగిన చోటికి ముందుగా న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు చేరతాయి. వాటి ఆయుష్షు తక్కువ. వెనకే మాక్రోఫేజ్‌లు అనే మింగుడు కణాలు వచ్చి నూనె బొట్లను మింగుతాయి, కానీ అరిగించుకోలేవు. మింగలేక కక్కలేక అక్కడే ఉండిపోతాయి. కొన్ని ఒకదాంట్లో ఒకటి కలిసి, ఎన్నో కేంద్రకాలున్న పెద్ద కణాలవుతాయి. చుట్టూ మూగిన టి లింఫోసైట్లు (మరో రకం రోగనిరోధక కణాలు) ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రోటీన్ వదిలి వాటిని ఇంకా ఉసిగొల్పుతాయి. చివరికి ఫైబ్రోబ్లాస్టులు అనే నార అల్లే కణాలు చుట్టూ నారపొర అల్లుతాయి. మీ వేలికి గట్టిగా తగిలేది అదే. తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. చిన్న ముడి మిగిలినా నష్టం లేదు.

లోపల బ్యాక్టీరియా లేదు కాబట్టి యాంటీబయాటిక్‌కు పని లేదు. డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్, టీకా కదిలించాల్సిన ఈ రోగనిరోధక కణాలనే అణిచేస్తుంది. నిండు చూడి పశువైతే ఈసుకుపోవచ్చు (గర్భం పోవచ్చు) కూడా. ఇక బ్లేడు పెడితే చీము రాదు సరికదా, బయటి క్రిములు లోపలికి పోయి మానని పుండవుతుంది.

గడ్డ వేడెక్కి, మెత్తబడి, నొక్కితే నీళ్ల సంచిలా కదులుతుంటే, జ్వరం 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే అప్పుడు పశువైద్యుడిని పిలవండి. సూదితో లాగి చూసి, చీము ఉంటేనే కోస్తారు. జ్వరంతో ఒళ్లంతా గడ్డలు లేస్తే మాత్రం లంపీ స్కిన్ అనే వైరస్ వ్యాధిని అనుమానించాలి.

తర్వాతి విడత మెడకు రెండో వైపు వేయించండి. పేడ, తడి లేని చోట, అంగుళన్నర సూదితో, లేబుల్ మీది మోతాదు కండలోకి లోతుగా దిగాలి. కురచ సూదితో మందు చర్మం కిందే పడితే గడ్డ పెద్దదై పైకి కనిపిస్తుంది. ప్రతి పశువుకూ సూది మార్చాలి. సీసాను 2–8 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచాలి. ఒకసారి గడ్డకట్టిన టీకాను పారేయాల్సిందే.

ఒక్క జాగ్రత్త పశువుకు కాదు, పట్టుకునే మనిషికి. నూనె టీకా పొరపాటున వేలికి గుచ్చుకుంటే, చుక్కే కదా అని ఊరుకోవద్దు. ఇరుకైన వేల్లో వాపు పెరిగితే రక్తప్రసరణ ఆగిపోవచ్చు. నొప్పి లేకపోయినా, సీసా వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.