సైకిలుకు కెమెరా: కొనేముందు, బిగించేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

సైకిలుకు కెమెరా కొంటానని, ఖర్చు ఎక్కువ కాకూడదని రాశావు. నీ ఉత్తరంలో మోడళ్ల పేర్లున్నాయి గాని, వీడియో దేనికోసమో లేదు. ముందు అది తేల్చుకో. రోడ్డు మీద ఎవరైనా గుద్దితే సాక్ష్యంగా పనికిరావాలంటే ఒక రకం కెమెరా, దారి పొడుగునా కనబడే అందాలు తీసి నలుగురికీ చూపించాలంటే ఇంకో రకం. తక్కువ ఖర్చులో ఈ రెండు పనులూ బాగా చేసే వస్తువు దొరకడం కష్టం. రోజూ పనికి సైకిలు మీదే వెళ్తానన్నావు కాబట్టి నీకు సాక్ష్యమే ముఖ్యమనుకుని రాస్తున్నాను. అంటే కెమెరా ప్రయాణమంతా ఆగకుండా నడవాలి, నంబర్ ప్లేటు చదవడానికి వీలవ్వాలి, తేదీ, సమయం సరిగ్గా పడాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

పెట్టె మీద 4కె అని చూడగానే నమ్మకు. 4కె అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. చౌక కెమెరాల్లో చాలావాటి సెన్సరుకు అన్ని ఉండవు. తక్కువలో తీసిన బొమ్మను సాగదీసి 4కె ఫైలుగా రాస్తాయి. ఫైలు పెద్దదవుతుంది, వివరం మాత్రం పెరగదు. చిన్న అక్షరాల్లో 'ఇంటర్‌పొలేటెడ్' (అంటే సాగదీసినది) అని ఎక్కడైనా ఉందేమో వెతుకు. సెన్సరు పేరు ఇచ్చి ఉంటే దాని అసలు పిక్సెళ్లెన్నో చూసుకో. సాగదీసిన 4కె కన్నా, ఉన్నదున్నట్టు 1080పిలో (అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు) సెకనుకు 60 ఫ్రేములు తీసే కెమెరా ఎంతో మేలు.

నంబర్ ప్లేటు లెక్క ఒకటి వేసి చూడు. 1080పి బొమ్మలో అడ్డంగా 1920 పిక్సెళ్లు. లెన్సు 120 డిగ్రీలు చూస్తే డిగ్రీకి 16 వస్తాయి. అర మీటరు వెడల్పున్న ప్లేటు 5 మీటర్ల దూరంలో సుమారు 5.7 డిగ్రీలు, అంటే 90 పిక్సెళ్లు. దాని మీద పది అక్షరాలుంటే ఒక్కోదానికి 9. తంటాలు పడితే చదవొచ్చు. 10 మీటర్లకు వెళ్లేసరికి నాలుగైదే మిగులుతాయి, ఇక చదవలేం. 170 డిగ్రీలని గొప్పగా రాసుకున్న లెన్సయితే 5 మీటర్ల దగ్గరే అక్షరానికి ఆరు మించవు. కాబట్టి 90 నుంచి 120 డిగ్రీల మధ్య ఉన్నది తీసుకో. సెట్టింగుల్లో కోణం తగ్గించే వీలున్నా, చౌక కెమెరా ఆ పని బొమ్మ అంచులు కత్తిరించి, మిగిలింది పెద్దది చేసి సరిపెడుతుంది. దానివల్ల అక్షరాలు పెద్దవిగా కనబడతాయే తప్ప స్పష్టత రాదు.

ఇంకో చిక్కు వెలుతురుది. నిన్ను దాటే బండి నీకన్నా గంటకు 36 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతోందనుకో. అది సెకనుకు 10 మీటర్లు. ఫ్రేముకు సెకనులో 60వ వంతు షట్టర్ తెరిచి ఉంటే ఆలోపు బండి 17 సెంటీమీటర్లు జరుగుతుంది, పక్కనే ఉన్నంతసేపు ప్లేటు అలికినట్టు వస్తుంది. 500వ వంతైతే 2 సెంటీమీటర్లే. ఎండలో కెమెరా తనంతట తనే షట్టర్ వేగం పెంచుకుంటుంది. పొద్దు వాలాక పెంచలేదు. రాత్రిపూట చౌక కెమెరా ప్లేటు చదువుతుందని ఆశపడకు. అలాంటప్పుడు నీ కంటికి కనబడిన నంబరును గట్టిగా పైకి చదువు, మైకులో పడుతుంది. వర్షం లేని రోజుల్లో కెమెరాను నీళ్లు చొరని డబ్బాలో పెట్టొద్దనేది ఇందుకే. అందులో పెడితే మాట నూతిలోంచి వచ్చినట్టుంటుంది, లోపల ఆవిరి పట్టి లెన్సు కూడా మసకబారుతుంది. పక్కలు తెరిచి ఉన్న ఫ్రేము వాడి, మైకు రంధ్రం మీద పలచటి స్పాంజి ముక్క అంటించు. గాలి హోరు చాలావరకు తగ్గుతుంది.

మెమరీ కార్డు దగ్గర పొదుపు చేయకు. మీద వి30 లేదా యు3 గుర్తున్న కార్డు సెకనుకు కనీసం 30 ఎంబీ రాస్తుంది, అది చాలు. కెమెరా సెకనుకు 16 మెగాబిట్ల వేగంతో రాస్తే గంటకు 7.2 జీబీ అవుతుంది, 64 జీబీ కార్డులో ఎనిమిది గంటలకు పైగానే పడుతుంది. పాత వీడియో మీదే మళ్లీ మళ్లీ రాస్తూ పోతుంది కాబట్టి 'హై ఎండ్యూరెన్స్' రకమే, అంటే ఎన్నిసార్లు రాసినా ఎక్కువకాలం తట్టుకునేదే కొను. కెమెరా ఎంత సైజు కార్డు వరకు తీసుకుంటుందో ముందే చూసుకో. కొనగానే కంప్యూటర్లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాముతో కార్డంతా ఒకసారి రాయించి చదివించు. నకిలీ కార్డయితే అక్కడే బయటపడుతుంది. ఆ తర్వాత కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యి.

బ్యాటరీ సుమారు గంట, గంటన్నర వస్తుంది. ఇంకో బ్యాటరీ దగ్గర పెట్టుకోవడమో, పవర్ బ్యాంకు నుంచి వైరు లాగడమో చెయ్యాలి. కొన్ని కెమెరాలు వైరు తగిలించగానే రికార్డింగు ఆపేస్తాయి. కొనేముందు అడుగు, కొన్నాక ఇంట్లో ఒకసారి పెట్టి చూడు. పాత ఫోను హ్యాండిల్‌కు కట్టాలని మాత్రం అనుకోకు. కెమెరాలో కదిలే లెన్సున్న ఫోన్లు ఎడతెగని అదురుకు పాడయ్యే ప్రమాదముంది.

ఇక బిగింపు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. కెమెరా ఒకటే అయితే ముందుకు చూసేలా హ్యాండిల్ మధ్యలో, స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిలుకు పట్టి ఉంచే ముక్క) పక్కనే పెట్టు. నిన్ను దాటిన బండి వెనక ప్లేటు, నువ్వు ఎటు తిరిగావన్నదీ రెండూ పడతాయి. హెల్మెట్ మీద పెట్టమని చెప్పేవాళ్లుంటారు. పడినప్పుడు అది దేనికైనా తగులుకుని మెడను లాగొచ్చు, కొన్ని జిగుర్లు హెల్మెట్ పెంకును పాడుచేస్తాయి. నా మాట వింటే అక్కడ వద్దు. ఛాతీ మీద కట్టుకుంటే, వంగి తొక్కేవాళ్ల కెమెరా నేలనే చూస్తుంది.

ముందు హ్యాండిల్ లావు కొలువు. స్టెమ్ దగ్గర 31.8 లేదా 25.4 మిల్లీమీటర్లు, పిడుల వైపు 22.2 ఉండటం మామూలు. రెండో కెమెరా సీటు రాడ్డుకు పెట్టేట్టయితే అక్కడ 27.2, 30.9, 31.6 ఎక్కువగా కనిపిస్తాయి. ఆ సైజుకు సరిపోయే క్లాంపు, అంటే కెమెరాను రాడ్డుకు పట్టించే బిగింపు, కొను. మధ్యలో పాత ట్యూబు ముక్క ఒక్క చుట్టు చుట్టు, చాలు. అది జారకుండా ఉండటానికే. అదురు తగ్గుతుందని నాలుగు చుట్లు చుడితే కెమెరా ఇంకా ఊగుతుంది. బిగింపు ఎంత గట్టిగా ఉంటే వీడియో అంత నిలకడగా వస్తుంది. మిగిలిన కుదుపును కెమెరాలోని స్టెబిలైజేషన్ సర్దుతుంది. అది కొన్ని మోడళ్లలో 60 ఫ్రేముల దగ్గర పనిచేయదు, చూసుకో. అలాగే క్లాంపుకూ కెమెరాకూ మధ్య కీళ్లు ఎన్ని తగ్గితే అంత మంచిది. పొడుగాటి చెయ్యి, మూడు కీళ్లు ఉన్న స్టాండు గుంటలో పడగానే వంగిపోతుంది. బార్ కింద తలకిందులుగా వేలాడదీస్తే చెయ్యి పొట్టిగా సరిపోతుంది, లైటుకు పైన చోటు మిగులుతుంది. బొమ్మను సెట్టింగుల్లో తిప్పుకోవచ్చు.

కెమెరానూ క్లాంపునూ కలిపే వేళ్లలాంటి పలకల మధ్య వేసే 5 మిల్లీమీటర్ల బోల్టు అదురుకు వదులవుతుంది. నైలాన్ రింగున్న నట్టు వెయ్యి. నట్లు వదలకుండా పోసే జిగురు ద్రవం వాడకు, అది ప్లాస్టిక్‌ను పగలగొడుతుంది. బిగించాక నట్టు మీదుగా మార్కర్‌తో ఒక గీత గీయి. గీత తప్పితే నట్టు తిరిగిందని ఒక్క చూపుతో తెలుస్తుంది. కార్బన్ హ్యాండిల్ అయితే తయారీదారు క్లాంపు వెయ్యొచ్చన్న చోటే వెయ్యాలి, చెప్పిన టార్క్ (బిగించే బలం) దాటకూడదు. కెమెరాకు ఒక సన్నటి గట్టి తాడు కూడా కట్టు. క్లాంపు విరిగి కెమెరా వేలాడినా చక్రం పుల్లలను అందుకోనంత పొట్టిగా ఉండాలి. అందుకుందంటే ముందు చక్రం బిగుసుకుని నువ్వు ఎగిరి పడతావు. తర్వాత హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, బ్రేకు వైర్లు ఎక్కడా నొక్కుకోవడం లేదని చూడు.

కోణం: దిగంతం బొమ్మ పై మూడో వంతులో ఉండాలి. ఆకాశం ఎక్కువైతే కెమెరా దాని వెలుగునే చూసుకుని రోడ్డును చీకటి చేసేస్తుంది.

సెట్టింగుల్లో లూప్ రికార్డింగు (వీడియోను ముక్కలుగా తీస్తూ, కార్డు నిండితే పాత ముక్కల మీదే రాసే పద్ధతి) ముక్కకు 3 లేదా 5 నిమిషాలకు పెట్టు. కుదుపును పసిగట్టే జీ-సెన్సర్ ఉంటే ఆపెయ్యి. అది ప్రతి గుంటనూ ప్రమాదమనుకుని, చెరిగిపోకుండా ఫైళ్లకు తాళం వేస్తుంది. నాలుగు రోజుల్లో కార్డు తాళం పడిన ఫైళ్లతో నిండి, సరిగ్గా కావలసిన రోజున రికార్డు కాదు. బ్యాటరీ పూర్తిగా అయిపోతే కొన్ని కెమెరాల గడియారం మొదటికొస్తుంది, వారానికోసారి తేదీ చూసుకో.

మొదటి రోజు, గతుకులు ఎక్కువున్న దారిలో పది నిమిషాలు తొక్కి, వీడియో పెద్ద తెర మీద చూడు. గోడలు, స్తంభాలు అలల్లా వంగుతుంటే బిగింపు వదులు, లేదా చెయ్యి పొడుగు. బొమ్మ స్పష్టంగానే ఉండి మొత్తంగా ఎగురుతుంటే స్టెబిలైజేషన్ పనిచేయడం లేదు. ఏదైనా జరిగితే వెంటనే రికార్డింగు ఆపి కార్డు బయటికి తీసెయ్యి, లేకపోతే లూప్ దాన్ని చెరిపేస్తుంది. ఇంటికి వచ్చాక అసలు ఫైలును కత్తిరించకుండా రెండు చోట్ల దాచు.

హ్యాండిల్ లావు స్టెమ్ పక్కన ఎంతో, పిడి దగ్గర ఎంతో కొలిచి రాయి. ఏ క్లాంపు తీసుకోవాలో చెబుతాను.

ఇట్లు,
నీ బాబాయి