కాయలతో ఎండుతున్న చీనీ చెట్టుకు నీరు పెంచే ముందు వేరు చూడాలి

చిత్తూరు దగ్గర ఎనిమిదేళ్ళ చీనీ (బత్తాయి) తోటలో చెట్లు కాయలతోనే ఒక్కొక్కటిగా ఎండిపోతున్నాయని, నీరు చాలకనే ఇలా జరుగుతోందని పక్క రైతులు అంటున్నారని రాశారు. నీరు పెంచాలా, మందు పోయాలా అని అడిగారు. చంద్రగిరి వైపు ఎర్ర గరప నేలలో చాలా కాలంగా సాత్‌గుడి రకం చీనీ సాగు చేస్తున్న రైతుగా నేను చెప్పేది ఒక్కటే: ముందు ఒక చెట్టు మొదలు తవ్వి వేరు చూడండి. అంతవరకు నీరు పెంచవద్దు, మందు కొనవద్దు.

పూర్తిగా ఎండిన చెట్టును తవ్వితే ఏమీ తేలదు. ఆకులు ఇప్పుడిప్పుడే పసుపు తిరుగుతూ, కొమ్మలు చివర్ల నుంచి ఎండటం మొదలైన చెట్టును ఎంచుకుని, అంటు కట్టిన చోటు కింద నుంచి పెద్ద వేర్ల వెంట మట్టిని నెమ్మదిగా తొలగించండి. వేరు బెరడు గోటితో గీరగానే ఊడి వచ్చి, లోపలి కట్టె పొడిగా, గట్టిగా ఉండి, దాని మీద గోధుమ లేదా ఊదా రంగు చారలు కనిపిస్తే అది ఎండు వేరుకుళ్ళు. అలా కాకుండా, కాండం మొదట్లో బెరడు పగిలి బంక కారుతూ, పీచు వేరును వేళ్ళతో లాగినప్పుడు పై పొర చేతికి వచ్చి లోపలి నార మాత్రం దారంలా మిగిలితే అది ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే బంక తెగులు, వేరుకుళ్ళు. పైకి రెండింటిలోనూ ఆకు పసుపు రంగుకు తిరిగి రాలుతుంది కాబట్టి చెట్టు పైభాగాన్ని మాత్రమే చూసి తేల్చుకోవడం కష్టం.

మీరు చెప్పినదాన్ని బట్టి ఎండు వేరుకుళ్ళనే ఎక్కువగా అనుమానిస్తున్నాను. ఈ తెగులు సోకిన చెట్టు చనిపోయే ముందు విపరీతంగా పూత పూసి, మోయలేనంత కాపు కాస్తుంది; ఆకులన్నీ రాలిన తర్వాత కూడా చిన్న చిన్న కాయలు కొమ్మలను పట్టుకునే ఉంటాయి. ఆ ఏడాది పూతను చూసి సంతోషించే రైతులను నేను చాలామందిని చూశాను. దీనికి కారణమైన ఫ్యుజేరియం సొలాని శిలీంధ్రం నేలలో ఎప్పుడూ ఉండేదే. ఆరోగ్యంగా ఉన్న వేరును అది అంత సులభంగా ఏమీ చేయలేదు. పూత కోసం తోటను నీరు కట్టకుండా తీవ్రంగా బెట్టకు వదిలి ఒక్కసారిగా పాదుల నిండా నీరు కట్టినప్పుడు, ట్రాక్టరుతో చెట్టు మొదలుకు దగ్గరగా దున్ని వేర్లు తెగినప్పుడు, పోషకాలు అందని చెట్టు మీద కాపు భారం పడినప్పుడు వేరు బలహీనపడి దానికి దారి దొరుకుతుంది.

బంక తెగులుది వేరే స్వభావం. అది నిలిచిన నీటిలో పెరుగుతుంది. 2021 నవంబరు వానలకు మా తోట పల్లపు భాగంలో నీరు నిలిచినప్పుడు, ఆ తర్వాత అక్కడి చెట్లకే బంక కారింది. మెరకలో ఉన్నవాటికి ఏమీ కాలేదు. అందుకే ఈశాన్య రుతుపవనాలకు ముందే మురుగు కాలువలు తీసుకోవడం ఏ మందు కన్నా మేలైన పని అని నా అభిప్రాయం.

మందు విషయానికి వస్తే, దుకాణాల్లో వేరుకుళ్ళు అనగానే కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని చేతిలో పెడతారు. ఎండు వేరుకుళ్ళకు దాన్ని లీటరు నీటికి 1 గ్రాము చొప్పున కలిపి పాదు మొత్తం తడిసేలా పోయవచ్చు. ఫైటోఫ్తోరా మీద మాత్రం అది పనిచేయదు, ఎందుకంటే ఫైటోఫ్తోరా అసలు శిలీంధ్రాల వర్గానికి చెందినదే కాదు. దానికి మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందును లీటరుకు 2.5 గ్రాముల చొప్పున పోయాలి. బంక కారే చోట బెరడును శుభ్రంగా చెక్కి బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీటితో పేస్టు తయారవుతుంది. అవే పాళ్ళను 100 లీటర్ల నీటిలో కలిపితే ఒక శాతం బోర్డో మిశ్రమం అవుతుంది, దీన్ని పాదుల్లో పోయవచ్చు. మిశ్రమంలో ఇనుప కత్తిని ముంచి చూడండి. కత్తి మీద రాగి రంగు పూత పట్టితే సున్నం తక్కువైందని అర్థం, మరికొంత కలపాలి.

తెగులు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా విరిడి వాడాలనుకుంటే 2 కిలోలను 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడలో తేమ ఆరకుండా వారం పది రోజులు ఉంచి పాదుల్లో వేయండి. రసాయన మందు పోసిన వెంటనే వేస్తే అది చస్తుంది కాబట్టి రెండు మూడు వారాలు ఆగాలి. తెగులు కనిపించిన చెట్టుతో పాటు చుట్టూ బాగున్న చెట్లకు కూడా వైద్యం చేయాలి. సగానికి పైగా ఎండిన చెట్టు మీద ఖర్చు దండగ. కొద్దిగా సోకిన చెట్టు కాయలను మాత్రం మొహమాటం లేకుండా కోసేయండి, వేరు కోలుకోవడానికి అదే మొదటి సాయం. నీరు మొదలుకు తగలకుండా రెండు వలయాల పాదు చేసి, బయటి వలయంలోనే కట్టండి.

చచ్చిన చెట్లను వేర్లతో సహా పెకలించి తగలబెట్టండి. ఆ గుంతలో కొత్త మొక్క నాటేటప్పుడు జంబేరి నిమ్మ వేరుమూలం (అంటుకు కింద వేరునిచ్చే మొక్క) మీద కట్టిన అంటు వద్దు. ఎండు వేరుకుళ్ళను మెరుగ్గా తట్టుకునే రంగపూర్ నిమ్మ వేరుమూలం మీద కట్టినదే అడిగి తెచ్చుకోండి, అంటు కట్టిన చోటు నేలకు జానెడు ఎత్తున ఉండేలా నాటండి. వేరు చూశాక కూడా అనుమానం తీరకపోతే, తవ్విన వేర్లను, గుప్పెడు మట్టిని పాలిథిన్ సంచిలో పెట్టుకుని తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో మొక్కల తెగుళ్ళ శాస్త్రవేత్తలకు చూపించండి.