ఇంగ్లీషులో చులకన చేయాలంటే పెద్ద పదాలు అక్కర్లేదు

ఎదుటివాళ్ళని పూచికపుల్ల కింద తీసిపారేయడానికి ఇంగ్లీషులో ఏ మాటలు వాడాలి, మేనేజరుకి మెయిల్‌లో గట్టిగా తగలాలి అని కదా అడిగారు. డిస్‌పైజ్, డిజ్‌డెయిన్, స్కార్న్, లోద్ అని ఎవరైనా చెప్తారు, బ్యాంకు పరీక్షల గైడులో అన్నీ ఒకేచోట దొరుకుతాయి. కానీ "ఐ డిస్‌పైజ్ యూ" అని మొహం మీద అన్న మనిషి నాకింతవరకూ తగల్లేదు. కంటెంప్ట్ అన్న మాటైతే మా పలాస వైపు భూమి కేసులున్న ప్రతి ఇంట్లోనూ తెలుసు, సంతకం కూడా రాని ముసలాయన "ఆడి మీద కంటెంప్టు ఏసినాం" అంటాడు. అది కోర్టు మాట, అంటే కోర్టు ధిక్కారం. 1971 చట్టం ప్రకారం ఆరు నెలల వరకు జైలు, లేదా 2000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మీ మేనేజరు జడ్జి కాదు కాబట్టి మీకా భయం లేదు.

నన్నడిగితే, ఇంగ్లీషులో నిజంగా చులకన చేయాలనుకున్నవాడు మర్యాద మాటలే వాడతాడు. విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్ అని మొదలెట్టాడంటే ఆ తర్వాత వచ్చేదాంట్లో రెస్పెక్టు ఉండదు. గుడ్ ఫర్ యూ అంటే నీ గొడవ నాకెందుకని. వీటన్నిటికీ పెద్దన్న వాటెవర్, ఏదైతే నాకేంటని.

ఇది పుస్తకంలో చదివింది కాదు, మా చిన్నాన్న జీడిపప్పు ఫ్యాక్టరీలో కళ్ళారా చూసింది. అక్కడ బిల్లులు, మెయిళ్ళు నేనే చూస్తుంటాను. ఒకసారి బెంగళూరు నుంచి ఓ పెద్ద పార్టీ తరఫున ఒక కుర్రాడు సరుకు చూడ్డానికి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి కుర్చీ తుడుచుకోవడం, టీ గ్లాసు ముట్టుకోకపోవడం. మాది 320 గ్రేడు, అంటే పౌను తూకానికి, 454 గ్రాములకన్నమాట, 300 నుంచి 320 గుండు పప్పులు రావాలి, పప్పు చిన్నదైతే అంకె పెరుగుతుంది, ధర పడిపోతుంది. అతను పళ్ళెంలో పప్పుని ఒక వేలితో అలా కదిపి "దిస్ లుక్స్ లైక్ 400" అనేశాడు. చిన్నాన్న తనకొచ్చిన ఇంగ్లీషులో "నో సార్, త్రీ ట్వంటీ, కౌంటింగ్ సార్" అన్నాడు. కుర్రాడు చిన్నాన్న వైపు కాకుండా నా వైపు చూసి, పెదవి ఒక పక్కకి లాగి "ఇంట్రెస్టింగ్" అన్నాడు.

చిన్నాన్న ఇంకేం మాట్లాడలేదు. కాటా మీద 454 గ్రాములు తూచి, స్టీలు పళ్ళెంలో కుమ్మరించి, పదేసి పప్పులు ఒక్కో కుప్పగా జరుపుతూ లెక్క మొదలుపెట్టాడు. గ్రేడింగ్ చేసే ఆడవాళ్ళు కూడా చేతులాపి చూస్తున్నారు, కుర్రాడు మాత్రం ఫోన్ చూసుకుంటున్నాడు. 31 కుప్పలు, మిగిలినవి నాలుగు పప్పులు, మొత్తం 314. పళ్ళెం అతని ముందుకి తోస్తే తలెత్తకుండానే "ఫైన్, వాటెవర్" అన్నాడు.

"ఏటన్నాడ్రా ఆడు?"

"సరే అన్నాడు చిన్నాన్నా."

"సరే అన్నోడు మొకం అలగెట్టుకుంటాడేటి?"

అంతంతమాత్రం ఇంగ్లీషు వచ్చిన మనిషికి కూడా ఎలా తగిలిందో చూడండి. అదే లోద్ అని ఉంటే డిక్షనరీ తీయాల్సి వచ్చేది. లోడు మాత్రం మా రేటుకే వెళ్ళింది, డబ్బులే పండగ దాటాక గానీ రాలేదు, ఆ గొడవ ఇంకోసారి.

ఇంకోటి, ఇంగ్లీషు తిట్లలో కొన్ని పల్లెటూరివాళ్ళ మీద పుట్టినవే. విలన్ అంటే మొదట్లో జమీందారు పొలంలో పనిచేసే పల్లె మనిషి. మోటు మనిషిని బూర్ అంటారే, డచ్చి భాషలో ఆ మాటకి రైతనే అర్థం. క్లౌన్ కూడా ఒకప్పుడు నాటు మనిషే. మన దగ్గర ఏమైనా తక్కువా? సినిమాలో వాచ్‌మనో పనిమనిషో వచ్చారంటే మా శ్రీకాకుళం యాస పెట్టేస్తారు, అదేదో యూనిఫారం అన్నట్టు. మా పిన్ని కొడుకు హైదరాబాదులో ఒకసారి నోరు జారి "ఏటి" అన్నాడని ఆఫీసంతా వాడిని ఏటిగారూ అని పిలిచేవారట. వాడుక భాష కోసం జీవితాంతం కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది మా జిల్లా పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసి, స్టేజీలెక్కి ఫొటోకి దండలేస్తారు, దిగ్గానే మా యాసకి నవ్వుతారు. ఆయన సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని నిఘంటువే రాశారు, వీళ్ళకి పక్క జిల్లా తెలుగు వినడమే బరువైపోయింది.

సరే, మీ మెయిల్ సంగతి. "యాజ్ మెన్షన్డ్ ఇన్ మై ఎర్లియర్ మెయిల్" అని మొదలెట్టి, ఆ పాత మెయిల్ కింద అంటించండి, బోల్డ్ చేయొద్దు. ఆయన జవాబొచ్చాక "నోటెడ్" అని ఒక్క మాట పెట్టి ఫుల్‌స్టాప్ కొట్టండి. థాంక్స్ అక్కర్లేదు గానీ కింద రిగార్డ్స్ మాత్రం తీసేయకండి, అది తీసేస్తే హెచ్చార్ దాకా వెళ్తుంది.