లైటు ఆర్పించారో, కేసూ ఆరిపోతుంది

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపూర్. కారులో చెక్ ఇంజన్ లైటు వెలుగుతోందని విశాఖలో ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్తే నాక్ సెన్సార్ పోయిందని మార్చారు. నెల తిరక్కుండా మళ్ళీ లైటు, మళ్ళీ కొత్త సెన్సార్. మొత్తం 14,600 రూపాయలు వదిలాయి. అయినా లైటు వెలుగుతూనే ఉంది. అమ్మాయి నిశ్చితార్థానికి వెళ్తుంటే బండి ఘాట్ ఎక్కలేక మొరాయించింది, వియ్యంకుల ముందు తల కొట్టేసినట్టయింది. చిన్న రెసిస్టర్ పెడితే లైటు ఆరిపోతుందని ఇక్కడి మెకానిక్ అంటున్నాడు. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: వియ్యంకుల సంగతికి ఫిర్యాదులో ఒక్క వాక్యం చాలు. కేసు తేలేది మీరు ఉత్తరం వెనక పిన్ను కొట్టి పంపిన రెండు స్కానర్ ప్రింట్ల మీద. రెండింటిలోనూ ఒకటే కోడ్, పి0325. నాక్ అంటే ఇంజన్‌లో ఇంధనం అదుపు తప్పి మండడం, దాన్ని పసిగట్టేదే నాక్ సెన్సార్. ఆ కోడ్‌కు అర్థం నాక్ సెన్సార్ 'సర్క్యూట్'లో లోపం అని, సెన్సారే పోయిందని కాదు. కనెక్టర్‌లో తుప్పు పట్టినా, ఈసీయూకి, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కి వెళ్ళే వైరు ఎలుక కొరికినా అదే కోడ్ వస్తుంది. అప్పుడు ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి తగ్గిస్తుంది, అంటే స్పార్క్ కాస్త ఆలస్యంగా ఇస్తుంది, పికప్ పడిపోతుంది. మీ ఘాట్ కథకు అదే కారణం కావచ్చు.

మొదటిసారి సెన్సార్ మార్చడాన్ని పొరపాటు అని సరిపెట్టుకోవచ్చు. కొత్తది వేశాక కూడా అదే కోడ్ వస్తే మల్టీమీటర్‌తో వైరు చూడకుండా ఇంకో సెన్సార్ బిగించడం సేవాలోపమే. జాబ్ కార్డులో వైరు పరీక్ష ఊసే లేదు. మీ బలం అదే.

ఇక మీ నిర్వాకం. పాత సెన్సార్లు రెండూ అక్కడే వదిలేశారు. రెండోసారి బిల్లు అడగకుండా డబ్బు కట్టారు. ఫోన్‌లో కట్టి ఉంటే వెంటనే బ్యాంకు స్టేట్‌మెంటు తీయండి.

మొదటి బిల్లు తేదీ 2024 ఆగస్టు 19. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ఇచ్చేది రెండేళ్ళు. ఆ తేదీ నుంచే లెక్కేసుకోండి. 'వచ్చే నెల చూద్దాం సార్' అని వాళ్ళు ఫోన్‌లో అన్నంత మాత్రాన గడువు ఆగదు, లీగల్ నోటీసు ఇచ్చినా ఆగదు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలుంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

రెసిస్టర్ జోలికి మాత్రం వెళ్ళకండి. ఈసీయూ మోసపోతుంది, ఇంజన్ మోసపోదు. నిజంగా నాక్ వచ్చినప్పుడు పట్టుకునే దిక్కులేక పిస్టన్ దెబ్బతింటే 'వైరింగ్ మీరే కెలికారు' అని అవతలి లాయరు ఒక్క ముక్కతో కొట్టేస్తాడు. బ్యాటరీ వైరు కూడా తీయించకండి, చాలా బళ్ళలో కోడ్ చెరిగిపోతుంది.

ఫలానా రోజు వైరు పరీక్ష చేయిస్తున్నాం, వచ్చి చూసుకోండి అని వర్క్‌షాపుకు స్పీడ్ పోస్టులో రాయండి. వాళ్ళు రాకపోయినా సరే, సెన్సార్ కనెక్టర్ నుంచి ఈసీయూ పిన్ను దాకా కంటిన్యుటీ, అంటే వైరు ఎక్కడైనా తెగిందేమో చూపించి, ఓడోమీటర్ రీడింగుతో సహా మెకానిక్ చేత సంతకం చేసిన రిపోర్టు తీసుకోండి. ఫొటోలు అక్కడే తీయండి. రిపేరు ఆ తర్వాతే.

ఫిర్యాదుకు విశాఖ తిరగక్కర్లేదు. మీరు ఉండేది రాయగడ జిల్లా కాబట్టి అక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. మీరు వర్క్‌షాపుకు కట్టింది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. మీ వాట్సాప్ సంభాషణంతా తెలుగులో ఉంది. ఇంగ్లీషు లేదా ఒడియా అనువాదం, భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం జతచేయండి. ఆ మెసేజీలున్న ఫోను ఎక్స్ఛేంజికి ఇవ్వబోతున్నట్టు రాశారు. కేసు తేలేదాకా దాన్ని బీరువాలో పెట్టండి.