మా ఊరి ఫోటోలు కామన్స్‌లో పెడితే హక్కులు పోతాయా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఫోన్‌తో తీసిన ఊరి ఫోటోలు వికీమీడియా కామన్స్‌లో, అంటే ఎవరైనా వాడుకోగలిగేలా ఫోటోలు ఉంచే వెబ్‌సైటులో, పెడదామనుకుంటున్నాను. ఎవరైనా అమ్ముకుంటే?

జవాబు: హక్కు మీదేనండీ. మీరిచ్చేది వాడుకోడానికి అనుమతి. క్రియేటివ్ కామన్స్ వారి సీసీ బై-ఎస్ఏ 4.0 అనే లైసెన్సు (అనుమతి పత్రం) ఎంచుకుంటే వాడేవాళ్లు మీ పేరు వేయాలి, మార్పులు చేసి బయటపెడితే అదే లైసెన్సు ఇవ్వాలి. అమ్మే పుస్తకంలో కూడా వేసుకోవచ్చు. వ్యాపారానికి వాడొద్దనే షరతును కామన్స్ ఒప్పుకోదు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం కూడా. అందుకే ఇంట్లో పిల్లల ఫోటోలు నేను ఎప్పుడూ పెట్టను.

టెన్షన్ పడాల్సింది వేరే చోట. రాజావారి కోట, వీధిలో నిలబెట్టిన విగ్రహం ఫోటో తీసి పెట్టొచ్చు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అందుకు వీలిస్తుంది. గోడ మీది సినిమా పోస్టరే ఫోటో అంతా నిండితే మాత్రం తొలగిస్తారు. కొమ్ముతో బొమ్మలు చేసే పనివాడిని ఫోటో తీస్తే ముందు ఆయన్ని అడగండి. ఆయన వేళ్లు, ఆకురాయి, ఒళ్లో రాలిన పొడి కనబడేంత దగ్గరగా తీయండి. ఆ పని ఎన్నడూ చూడనివాళ్లకు అదే అసలు సమాచారం.

ఫైలు పేరుగా ఫోన్ దానంతటదే ఇచ్చిన అంకెల్నే వదిలేయకండి. ఊరు, వీధి, తేదీ తెలుగులోనూ ఒడియాలోనూ రాయండి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మనది. ఆయన గురించి చదివేవాళ్లు ఈ వీధులు చూడాలని వెతుకుతారు.

ఫోటోలో లొకేషన్ కూడా దాగుంటుంది. మీ మేడ మీంచి తీసినవైతే దాన్ని చెరిపేసి పెట్టండి.