కరెంటు బిల్లు మర్చిపోవడం బద్ధకం కాదు

తమ్ముడూ, జేబులో డబ్బులుండీ నెలనెలా కరెంటు బిల్లు గడువు దాటుతోందని, ఇంట్లో బద్ధకస్తుడంటున్నారని రాశావు. నాకు 36 ఏళ్లకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక, పనులు మర్చిపోయేలా చేసే, చిన్నప్పటి నుంచీ ఉండే మెదడు సమస్య) అని తేలింది. బద్ధకస్తుడన్న మాట ఎంత గుచ్చుకుంటుందో తెలుసు.

కంటికి కనబడని పని మన బుర్రలోంచి జారిపోతుంది. అందుకే బిల్లు రాగానే తలుపు గొళ్లానికి క్లిప్పుతో తగిలిస్తాను. పొద్దున కాజీపేట స్టేషన్‌కు పరుగెత్తేటప్పుడు చేతికి తగులుతుంది. అక్కడే నిలబడి ఫోన్‌లో కట్టేశాకే తీస్తాను.

నువ్వు మాత్రం సైకియాట్రిస్టును తప్పకుండా కలువు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 12 ఏళ్లలోపే ఈ లక్షణాలున్నాయా అని అడుగుతారు, అమ్మను వెంట తీసుకెళ్లు. పాత ప్రోగ్రెస్ కార్డులుంటే ఇంకా మంచిది. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు డాక్టర్ చీటీ లేకుండా ఎవరిచ్చినా వేసుకోకు. ఈలోపు టెన్షన్ ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు.